ఈ ఇంట్ల జాగా లేదు

మొయినాబాద్ దగ్గర,
5 డిసెంబర్ 2025

వదినా,

నీకు నేను ఉత్తరం రాసే రోజు వస్తదని నువ్వూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. బాగున్నవా అని అడగను. మనిద్దరం ఎన్నడూ అట్ల అడుక్కున్నోళ్లం కాదు.

ఫోన్ ఎందుకు చేయలేదని అమ్మ తిట్టుకుంటుంటది. ఇక్కడ గేటు దగ్గరే ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టేస్తరు. నా ఫోన్‌లో రంజిత్ ఏదో ఎక్కించి పెట్టిండట. నేను ఎక్కడ తిరిగేది ఆయన ఫోన్‌లో కనబడేదట. ఇక్కడ పనిచేసే పిల్ల ఒకతి వెతికి చూపించింది. నేను ఎక్కడికి పోయినా ఆయన నాకంటే ముందే వచ్చి నిలబడేది అందుకే. ఎవరో చెప్తున్నరని, ఆ చెప్పేది నువ్వేనని రెండేండ్ల నుంచి అనుకున్న. ఆ ఒక్కటి తప్పు. నీ గురించి అనుకున్న మిగతావన్నీ కరెక్టే.

ఇది ఆశ్రమం కాదు. మొగుడు కొట్టిన ఆడవాళ్లను పిల్లలతో సహా కొన్నాళ్లు దాచిపెట్టే ఇల్లు. బోర్డు ఉండదు, అడ్రస్ ఎవరికీ చెప్పరు. నేనూ హర్షితా ఒకటే మంచం మీద పడుకుంటున్నం. వార్డెన్ పేరు శాంతమ్మ. మొహం మీదనే చెప్పే మనిషి. రెండు నెలలు ఉండొచ్చని వచ్చిన రోజే చెప్పింది. అంటే జనవరి ఆఖరు దాకా. రంజిత్ నా దగ్గరికీ పిల్ల దగ్గరికీ రావద్దని కోర్టులో ఆర్డర్ అడిగినం. మార్చి అయితే గాని తేలదంటున్నది లాయరమ్మ. జనవరికీ మార్చికీ నడుమ నేను ఎక్కడ ఉండాలో ఇంకా తెలియదు. కిరాయికి గది తీసుకుందామంటే మొయినాబాద్ నుంచి శంకర్‌పల్లి దాకా ఏ ఇల్లు ఖాళీగున్నదో, ఎవరు దిగిన్రో రంజిత్‌కే ముందు తెలుస్తది. ప్లాట్ల బ్రోకర్ గద. ప్రతి వాచ్‌మన్ నంబర్ ఆయన దగ్గరుంటది.

అన్నకు రాయకుండ నీకెందుకు రాస్తున్ననంటే, అన్న ఉత్తరాన్ని అరుగు మీద కూర్చుని పది మందికి చదివి వినిపిస్తడు. అమ్మ ఏడ్చుకుంట వాడకట్టంత చెప్తది. నీకు నా మీద ప్రేమ లేదు కాబట్టి నోరు మూసుకుని ఉంటవని నమ్మకం.

నాకు కావాల్సినవి ఇవి. హర్షిత స్వెట్టరు, పిల్ల పుట్టిన సర్టిఫికెట్టు, నా డిగ్రీ మెమోలు. కాయితాలన్నీ నా గదిలో ఇనుప పెట్టెలో ఉన్నయ్. చేవెళ్లలో విమల గాజుల దుకాణంలో ఇయ్యి. బుధవారం కూరగాయల మార్కెట్‌కు వచ్చినప్పుడు శాంతమ్మ తీసుకుంటది. నీ జవాబు కూడా అక్కడే పెట్టొచ్చు, రాసేటట్టయితే.

దీక్షిత


ఇంటి నుంచి,
10 డిసెంబర్ 2025

ఆడబిడ్డకు,

నీ ఉత్తరాన్ని విమల గాజుల డబ్బాల పెట్టి ఇచ్చింది. డజను గాజులు ఉత్తగనే కొనవల్సి వచ్చింది.

నువ్వు పోయిన యాళ్ల ఏందో నీకు సోయి ఉన్నదా? ఊర్ల సర్పంచ్ సీటు ఆడోళ్లకు వచ్చింది. మూడేండ్ల సంది తిరిగిన మీ అన్న, ఆఖరికి నా పేరు మీద నామినేషన్ ఏసిండు. గోడల మీద కాయితాలల్ల మీ అన్న ఫోటో పెద్దగ, నాది చిన్నగ. పొద్దున లేస్తే అరుగు నిండ జనం. చాయ్ పెట్టేది నేనే, దండం పెట్టేది నేనే. ఆదివారం పోలింగ్. ఇసొంటి టైంల క్యాండిడేటు ఆడబిడ్డ మొగన్ని ఇడిసిపెట్టి యాడికో పోయిందని అవతలోళ్లు ఇంటింటికీ చెప్తున్నరు. నిన్న ఒక ముసలామె నన్ను పట్టుకుని, ఇంట్ల పంచాది తెంపలేనిదానివి ఊరి పంచాది ఏం తెంపుతవ్ అన్నది. నేను నవ్వి దండం పెట్టిన.

రంజిత్ దినం వస్తుండు. కారు ఆపి అరుగు మీద కూసుంటడు, అత్తమ్మ చాయ్ ఇస్తది. ఏడుస్తడు గూడ. కోపంల మాటన్న గని ఒక్క దెబ్బ కొట్టలేదని అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఒట్టేసిండు. అత్తమ్మ గూడ ఏడ్సింది. వాళ్ల ఊరు చిన్న మంగళారం నుంచి నాలుగు బండ్లు తెచ్చి మన ప్రచారానికి పెట్టిండు, డీజిల్ గూడ ఆయనదే. బండ్లు పెట్టినోన్ని మీ అన్న అరుగు మీదికెల్లి ఎట్ల దించుతడో నువ్వే చెప్పు.

నేను రంజిత్‌కు నీ ముచ్చట్లు మోసిన అనుకున్నవా? నాకు అంత తీరిక యాడిది. నువ్వు యాడికి పోతే నాకేంది.

అత్తమ్మ ఒక ఆలోచన చేసింది. నీకు ఒడిబియ్యం పోసే ఏడు ఇదే. పెండ్లయిన మూడో ఏట పోసినం, మల్ల ఇప్పుడు పొయ్యాలె. మాఘం రాంగనె మంచి రోజు చూసి నిన్నూ రంజిత్‌నూ పీటల మీద కూసోబెట్టి, నీ ఒడిల పసుపు బియ్యం పోసి, కుడుకలు, రైక ముక్క పెట్టి సాగనంపుతం. పుట్టింటోళ్లు ఒడి నింపిన ఆడది ఆ బియ్యం తీస్కపోయి అత్తగారింట్ల వండాలె, అందరికీ పెట్టాలె. ఒక్కసారి వండితే కోపాలు అవే పోతయని అత్తమ్మ అంటది. మీ అన్న గూడ సై అన్నడు.

నువ్వడిగినయన్నీ సంచిల పెట్టిన. ఇనుప పెట్టె తియ్యనీకె మస్తు తిప్పలయింది. నీ గదిల ఇప్పుడు ఫ్లెక్సీలు, జెండా కట్టెలు, యూరియా బస్తాలు ఉన్నయ్. నీ మంచం ఇప్పి అటక మీద పడేసినం.

ఇంక పని ఉన్నది.

స్వరూప


మొయినాబాద్ దగ్గర,
24 డిసెంబర్ 2025

సర్పంచ్ గారికి,

గెలిచినవట. విమల చెప్పిందని శాంతమ్మ చెప్పింది. సంతోషం. ఇప్పుడు గోడల మీద నీ ఫోటో కొంచెం పెద్దది చేస్తరేమో అడుగు.

సంచి విప్పిన. స్వెట్టరు ఉన్నది, కాయితాలు ఉన్నయ్. వాటి కింద ఉల్లిపొర రంగు పట్టుచీర ఎందుకున్నది? ఒడిబియ్యానికి కట్టుకొమ్మనా? ఇక్కడ తొమ్మిది మంది ఆడవాళ్లం. ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు. అందరి ముందు ఆ చీర సంచిలో నుంచి జారి పడింది. పెండ్లికి పోతున్నవా అని ఒకామె అడిగింది. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయనీకె నీకు ఎంత దూరమైనా అడ్డం కాదు.

నా గదిలో యూరియా పెట్టించినవ్. నా మంచం అటక ఎక్కించినవ్. నేను వాపస్ వస్తే పడుకునే జాగా ఉండొద్దని ఎంత ముందుచూపు నీకు. నాన్న పోయినంక ఆ ఇంట్లో నాది అని మిగిలింది ఆ ఒక్క గదే.

రంజిత్ ఒక్క దెబ్బ కొట్టలేదని ఒట్టేసిండా? కొన్ని రోజులు అది నిజమే. చిన్న మంగళారంలో ఆయన చూసుకునే ఫామ్‌హౌస్ ఒకటున్నది, ఎవరో సిటీవాళ్లది. అందులో మోటరు పెట్టే చిన్న గది ఉన్నది. కిటికీ లేదు. కోపమొచ్చిన రోజు నన్ను అందులో పెట్టి తాళమేసి పొద్దంతా ప్లాట్లు చూపించనీకె పోయేటోడు. హర్షిత బయట తలుపుకు ఆనుకుని కూర్చునేది. దానికి ఒక్కటే భయం, మోటరు ఆన్ అయితే నాకు తన మాట వినబడదని. బెల్టు తీసినవి వేరే రోజులు. అవి కూడా చీర కప్పే చోట్లనే. ఇదంతా అమ్మకు చెప్పకు, చెప్పినా నమ్మదు. నీకెందుకు చెప్తున్ననో నాకే తెలియదు. ఆ మనిషికి మీరు చాయ్ పోస్తున్నరని తెలిసి కడుపు మండి చెప్తున్న.

ఒడిబియ్యం మాట ఇంట్లో ఇంకోసారి ఎత్తొద్దు. నేను ఆ పీట మీద కూర్చోను.

ఒక్క పని చేయి. కొత్త సంవత్సరం వచ్చినంక శాంతమ్మ మన ఇంటికి ఫోన్ చేస్తది. మా వాళ్లు నాకు తోడున్నరా లేదా అని కనుక్కుంటది. ఇక్కడ అందరి ఇండ్లకూ చేస్తరు. అన్నను జర మంచిగ మాట్లాడమను. పుట్టింటోళ్లు అండగున్నరని తెలిస్తే నా కేసుకు బలమొస్తదని నా ఆశ. నువ్వు మాత్రం ఫోన్ ముట్టకు. నీ నోటి నుంచి మంచి మాట రాదని నాకు తెలుసు.

దీక్షిత


ఇంటి నుంచి,
7 జనవరి 2026

దీక్షితా,

పట్టుచీర నేను పెట్టలే. మీ అమ్మ పెట్టింది. నేను సంచి కట్టినంక మల్ల ఇప్పి పెట్టింది. నాకు అసొంటి చీర ఇస్తే నేనే కట్టుకుంట గని నీకెందుకు పంపుత?

నీ ఉత్తరంల ఉన్న మోటరు గది ముచ్చట ఎవలకూ చెప్పలే. రెండుసార్లు చదివి పొయ్యిల పెట్టిన. ఇంట్ల దొరికితే లొల్లి అయితది.

నువ్వు చెప్పినట్టె మంచిగ మాట్లాడుమని మీ అన్నకు చెప్పిన. నువ్వడిగినవని చెప్పలే, ఆఫీసోళ్లు ఫోన్ చేస్తరట అని చెప్పిన. మీ అన్న మాట్లాడిండు. ఎట్ల మాట్లాడిండో విను.

సోమవారం పొద్దున అరుగు మీద ముప్పై మంది ఉన్నరు. వార్డు మెంబర్లు, పింఛన్ల కోసం వచ్చినోళ్లు, రంజిత్ గూడ. ఫోన్ మోగింది. సర్పంచ్ నేను గద, నేను లోపల ఉల్లిగడ్డ కోస్తున్న. మీ అన్న స్పీకర్ పెట్టిండు. శాంతమ్మ నీ పేరు చెప్పి, మీ చెల్లెను మీ ఇంట్లో ఉంచుకోవడానికి మీరు తయారుగా ఉన్నరా అని అడిగింది. గంతే అడిగింది. మీ అన్న లేచి నిలబడ్డడు. "మా ఇంటి ఆడబిడ్డ మాకు బరువా మేడం? బాల్‌రాజ్ బతికుండంగ మా చెల్లె పరాయి పంచన ఉంటదా? ఇయ్యాలనే పంపండి, నెత్తిన పెట్టుకుని చూసుకుంటం" అన్నడు. అరుగంత చప్పట్లు. ఒకాయన కన్నీళ్లు తుడుసుకున్నడు. రంజిత్ అందరికంటే గట్టిగ కొట్టిండు చప్పట్లు.

శాంతమ్మ సరే అన్నది, రాసుకుంటున్న అన్నది. గడువు అయిన రోజు చేవెళ్లల వాళ్ల ఆఫీసుల నిన్ను మీ అన్నకు అప్పజెప్తరట. అది జనవరి 29. అయ్యగారిని అడిగితే ఆ దినమే మంచిదన్నడు. మీ అన్న, రంజిత్ ఒకటే కారుల వచ్చి నిన్ను తీస్కొస్తరు. మధ్యానం ఒడిబియ్యం, పొద్దుగూకకముందే చిన్న మంగళారం. రంజిత్ ఇప్పటికే హర్షితకు సైకిల్ కొన్నడు.

నువ్వు మంచిగ మాట్లాడమన్నవ్, మాట్లాడిండు. మల్ల నా మీద ఏడ్వకు. నేను ఫోన్ ముట్టలే.

స్వరూప


మొయినాబాద్ దగ్గర,
12 జనవరి 2026

వదినా,

నువ్వు గెలిచినవ్. ఎలక్షన్ కాదు, ఇది.

శాంతమ్మ నన్ను పిలిచి చెప్పింది. రెండు నెలలు నిండినంక కూడా కొందరిని ఉంచుకుంటరట, కోర్టు ఆర్డర్ వచ్చేదాకా. ఎవరిని? పోనీకె దిక్కులేనోళ్లను. మా మంచాల వరుసలో దొంతన్‌పల్లి నుంచి వచ్చినామె ఒకతి ఉన్నది. ఆమె అన్నలకు ఫోన్ చేస్తే, అది చచ్చిందనుకున్నం, మళ్ల ఫోన్ చేయొద్దని పెట్టేసిన్రట. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. ఆమెకు గడువు పెంచిన్రు. నాకు పెంచరు. నాకు నెత్తిన పెట్టుకునే అన్న ఉన్నడు. బయట ఇంకొకామె ఇద్దరు పిల్లలతో మంచం కోసం చూస్తున్నది, నా మంచం ఆమెకు రాసిన్రు.

నేను చెప్పిన. మా అన్న ఉంచుకోడమ్మా, నన్ను కారెక్కించి రంజిత్ చేతిలోనే పెడతడు అని కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. శాంతమ్మ మొహం తిప్పుకోలేదు. "నమ్ముతున్న బిడ్డా. కానీ పైన కమిటీకి నా నమ్మకం సరిపోదు. ముప్పై మందిలో నీ అన్న ఇచ్చిన మాట రాసి ఉన్నది. మేము ఉంచుకోము అని మీ ఇంటోళ్లే రాసిస్తే నేను కొట్లాడుత" అన్నది.

మా ఇంటోళ్లు రాసిస్తరా? అన్న ప్రాణమిస్తడు గాని చెల్లెను ఇంట్లోకి రానియ్యనని కాయితం మీద పెట్టడు. ఇజ్జత్ పోతది. నన్ను తీసుకపోయి ఆ గదిలో పెట్టించినా ఇజ్జత్ పోదు. అమ్మ చెప్పనే వద్దు. నిన్ను అడగను. నీకు ఇదంతా పండుగలాగ ఉన్నట్టున్నది. అన్న నోట్లో ఆ మాటలు ఎవరు పెట్టిన్రో నాకు తెల్వదా? ఇంట్లో ఆడబిడ్డ గది ఖాళీ కావాలె, ఊర్లో ఆడబిడ్డను కాపురానికి పంపిన సర్పంచ్ అని పేరు రావాలె. రెండూ అయినయ్.

29వ తారీఖు ఆ కారులో కూర్చుంటే నేను మళ్ల బయటికి రాను వదినా. ఆయన ఈసారి హర్షితను కూడా లోపలనే పెడతనని ముందే చెప్పిండు. బియ్యం పోసి పంపిన ఆడదాన్ని వాపస్ తెచ్చుకునేటోళ్లు ఎవరుంటరు?

ఆ బియ్యం ఎట్లుంటయో నీకేం తెలుసు. నీకు పోసినప్పుడు నవ్వుకుంట వచ్చినవ్, నవ్వుకుంట వండినవ్. నేను చూసిన గద.

ఇదే ఆఖరు ఉత్తరం.

దీక్షిత


ఇంటి నుంచి,
20 జనవరి 2026

దీక్షితా,

నీకేం తెలుసు అన్నవ్. చెప్త, కూసోని చదువు.

నా పెండ్లయిన మూడో ఏడు. వడ్లు ఎండపోసినకాడ వాన వచ్చింది. నేను పరదా కప్పేసరికి సగం తడిసినయ్. మీ అన్న నా చెంప మీద కొట్టిండు. ఒక్కటే దెబ్బ, గని చేతుల పార కట్టె ఉన్నది. ఎడమ దిక్కు రెండు పండ్లు కదిలినయ్. నేను శంకర్‌పల్లి దిక్కు ప్రొద్దుటూరుకు, మా ఇంటికి పోయిన. మా బాపు నన్ను ఎన్ని దినాలు ఉంచుకున్నడు? వారం. మా అవ్వ ఆ వారంల ఒక్కసారి గూడ నా నోరు తెరిసి చూపియ్యమనలే. ఇంట్ల పెండ్లి కావల్సిన చెల్లె ఉన్నదని, మంచి రోజు చూసి ఒడిబియ్యం పోసిన్రు. మీ అన్న పక్కన కూసున్నడు. మా బాపు మీ అన్న కాళ్లు కడిగిండు.

ఆ బియ్యం తెచ్చి ఈ ఇంట్లనే వండిన. దవడ వాచి నేను తినలే. నువ్వు అప్పుడు ఇంటర్. పసుపు రంగు అన్నం రెండుసార్లు పెట్టించుకుని, "వదినా, మీ ఊరి బియ్యం మస్తున్నయ్, మళ్ల ఎప్పుడు పోసుకొస్తవ్" అన్నవ్. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన, పండ్లు కనవడకుంట. నువ్వు చూసింది గా నవ్వే. ఆ దినం నుంచి నువ్వంటే నాకు పడదు. నీకు తెల్వక అన్నవని నాకెరుకే. అయినా పడదు. ఇప్పుడు గూడ పడదు.

మీ అన్న నోట్ల నేను మాటలు పెట్టిన్నట. మీ అన్న నోట్ల మాట పెట్టే బలమే ఉంటే నా దవడ గిట్లెందుకుంటది? నీ గదిల యూరియా ఏయించింది మాత్రం నేనే. రంజిత్ ఎలక్షన్ల పేరు మీద, దీక్షిత గదిల నాలుగు దినాలు పండుకుంట అన్నడు. నీ పెట్టె ఆ గదిలనే ఉన్నది, నీ కాయితాలు అండ్లనే ఉన్నయ్. రాత్రికే పద్దెనిమిది బస్తాలు దింపించిన. వాసనకు ఎవడూ కాలు పెట్టలే. ఇది చెప్పొద్దనుకున్న, నువ్వు ఏందో ముందుచూపు అన్నవని చెప్తున్న.

అత్తమ్మ ఇయ్యాల బియ్యానికి పసుపు పట్టిచ్చింది. చాప నిండ ఆరబోసింది. పసుపు పట్టినంక ఆ బియ్యం మల్ల బస్తాల కలవయ్.

ఈ కవరుల ఇంకో కాయితం ఉన్నది. నీ పేరు మీదనే రాసిన గని అది నీకు కాదు. చదివి శాంతమ్మ చేతిల పెట్టు. సర్పంచ్ స్టాంపు మీ అన్న అంగి జేబులనే ఉంటది, ఒక్కనాడు నా చేతికియ్యలే. నిన్న అంగి ఉతకనీకె ఇడిసిండు. ఇంకు ఎండిపోతే నీళ్లు సల్లి కొట్టిన. అందుకే జర అలికినట్టున్నది. సర్పంచ్ అయినంక నేను సొంతంగ పెట్టిన మొదటి సంతకం ఇదే. ఇన్ని దినాలు మీ అన్న యాడ చూపిస్తే ఆడ పెట్టిన.

ఉట్టిగ రాస్తే వాళ్లు నమ్మరు. అందుకని కడుపుల ఉన్నదంత రాసిన. అండ్ల సగం అబద్ధం. ఏ సగమో నన్ను అడగకు.

మీ అన్నకు తెలిసిన్నాడు ఏమయితదో నాకు తెలుసు. సర్పంచ్‌ను మొగుడు కొట్టిండని పేపర్ల పడుతదన్న భయమన్న ఉంటదేమో చూద్దాం. 29కి కారు ఉత్తగ వాపస్ వచ్చినంక, ఆ పసుపు బియ్యం నేనే వండి మీ అన్నకు పెడత. రంజిత్ ఉంటే ఆయనకు గూడ రెండుసార్లు పెడత.

నాకు మల్ల రాయకు. గాజులు కొనలేక సస్తున్న.

స్వరూప


గ్రామ పంచాయతీ సర్పంచ్ కార్యాలయం,
20 జనవరి 2026

దీక్షితకు,

నిన్ను ఇంట్లో ఉంచుకుంటారా అని అడిగినప్పుడు నా భర్త బాల్‌రాజ్ నలుగురి ముందు సరేనన్నాడు. అది అరుగు మీద మాట. ఇంటి మాట నేను చెబుతున్నాను. ఈ ఇంట్లో వండేది నేను, గడప కడిగేది నేను, తలుపు తీసేదీ నేనే.

ఈ ఇంట్ల నీకు జాగా లేదు. నీ గదిలో ఎరువుల బస్తాలు ఉన్నాయి. అవి తీసేది లేదు. నీ మంచం విప్పేశాం. నీకూ నీ బిడ్డకూ ఈ ఇంట్లో ఒక్క పూట కూడా అన్నం పెట్టను. చిన్నప్పటి నుంచి నీకు నోటి దురుసు, ఇతరుల కష్టం కానరాని గుణం. పెద్ద చదువు చదివినా ఎదుటి మనిషి మొహం చదవడం నీకు రాలేదు. నీలాంటి ఆడబిడ్డ నా గుమ్మంలో ఉంటే నాకు మనశ్శాంతి లేదు.

నిన్ను నీ భర్త దగ్గరికి పంపే పూచీ కూడా ఈ ఇల్లు తీసుకోదు. 29వ తారీఖున మా ఇంటి నుంచి ఎవరు వచ్చి నిన్ను అడిగినా, అది నాకు తెలియకుండా, నా ఒప్పుకోలు లేకుండా వచ్చినట్టే. వాళ్ల చేతికి నిన్ను ఇస్తే జరిగే దానికి ఇచ్చినవాళ్లే జవాబుదారీ.

ఎక్కడ ఉంటావో ఉండు. ఇక్కడికి మాత్రం రావద్దు.

స్వరూప
సర్పంచ్


మొయినాబాద్ దగ్గర,
29 జనవరి 2026

వదినా,

రాయొద్దన్నవ్. రాస్తున్న. ఈసారి విమలకు గాజులు కొనిపియ్యొద్దని చెప్పి పంపిస్తున్న.

కాయితం శాంతమ్మకు ఇచ్చిన. కండ్లద్దాలు పెట్టుకుని నిలబడి చదివింది. సగానికి వచ్చి కూర్చున్నది. స్టాంపును వేలితో రుద్ది చూసింది. అంతా అయినంక నన్ను దగ్గరికి తీసుకున్నది. ఈ రెండు నెలల్లో ఆమె ఎవరినీ ముట్టుకోవడం నేను చూడలేదు. "ఎంత విషముందే ఈమెకు. ఇట్లాంటి వదిన పగోళ్లకు కూడా వద్దు" అన్నది. నేను అవునమ్మా అన్న.

కమిటీలో ఆ కాయితమే చదివిన్రట. కోర్టు ఆర్డర్ వచ్చేదాకా నా మంచం నాకే ఉంచిన్రు. బయట ఎదురుచూస్తున్న ఆమెకు దొంతన్‌పల్లి ఆమె పక్కన పరుపు వేసిన్రు, ఇరుకవుతది గాని పడుకోవచ్చు. ఇయ్యాల పొద్దున అన్న, రంజిత్ చేవెళ్ల ఆఫీసుకు వచ్చి లొల్లి చేసిన్రట. కాయితం చదివి వినిపిస్తే అన్న వాపస్ కారెక్కిండట. ఇప్పుడు ఈ పూట మీ ఇంట్లో ఏం జరుగుతున్నదో నాకు తెలియదు. పొద్దున్నుంచి అదే ఆలోచిస్తున్న. నీ గురించి ఇంతసేపు ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ అన్నం నేను తిన్న. రెండుసార్లు పెట్టించుకున్నది కూడా యాదికున్నది. నీ మొహం మాత్రం యాదికి రావట్లేదు, ఎంత గుర్తు చేసుకున్నా.

స్వరూప అత్తమ్మకు మనమంటే అంత కోపమా అని హర్షిత అడిగింది. అవును, మస్తు కోపం అని చెప్పిన.

ఇక్కడ గేటు ఎవరికీ కనబడేచోట లేదు. శాంతమ్మ ప్రతి బుధవారం మార్కెట్‌కు వస్తది, విమల దుకాణం ముందు ఆటో ఆపుతది. ఆమెతో ఆటో ఎక్కితే చాలు, ఎవరు ఏమిటని దారిలో అడగదు. సర్పంచ్ అయినా అడగదు. ఊరికెనే చెప్తున్న.

అటకెక్కించిన నా మంచం అట్లనే ఉండనియ్యి. ఇక్కడ తొమ్మిది మందీ నీ కాయితం విన్నరు. దినం నిన్ను తిడుతున్నరు వదినా, పేరు పెట్టి తిడుతున్నరు. నేను ఆపుతలేను.

దీక్షిత